స్పీకర్ బాక్సుల వెనక

కల్లూరు, కర్నూలు
ఫిబ్రవరి 3

మధక్కకు,

ఈ కాలంలో ఉత్తరమేంట్రా అని నవ్వుకుంటావని తెలుసు. మా ఇంట్లో ఫోన్ నాది కాదక్కా. పాప ఆటలాడుకుంటుంది. మెసేజ్ వస్తే కూడబలుక్కుని చదివి తాతకు వినిపిస్తుంది. మాట్లాడదామంటే నాన్న హాల్లోనే ఉంటాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. జవాబు ఆఫీసు అడ్రసుకే రాయి.

నేను ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తున్న సంగతి మన వాళ్ళలో నీకూ, మా ఆవిడ యామినికీ తప్ప ఎవరికీ తెలియదు. వసంతకుమార్ అని మా ఇన్సూరెన్సు ఆఫీసు పక్కన ఫోటో స్టూడియో నడుపుతాడు. ఆర్కెస్ట్రా అతనిదే. పెళ్ళి రిసెప్షన్లకు పాడతారు. నాన్నకు క్యాంపు అని చెప్పి పోతుంటాను. గుద్దుకున్న లారీల ఫోటోలు తీసి తప్పు ఎవరిదో రాసేవాడికి క్యాంపులకు కొదవేముంది?

ఇప్పుడొక చిక్కు వచ్చింది. వెనకటికి గిటారు వాళ్ళు బీరువా అంత ఆంప్లిఫయర్ మోసుకుపోయేవారు. ఇప్పుడు కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న మిషను చాలు. పేరున్న పాత ఆంప్లిఫయర్లు ఎలా మోగేవో అచ్చం అలాగే మోగుతుంది. దాని పేరు ఈ కాగితం వెనక రాశాను. ఇంట్లో మిద్దె మీద గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తే ఏ తీగకు ఆ తీగ విడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. స్టేజీ మీద మాత్రం దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు ముద్దగా ఉంటుంది. అంతా బురద. ఏ స్వరం మీద వేలు ఉందో నాకే తెలియక తప్పులు పోతున్నాయి.

మొన్న నంద్యాలలో వసంతకుమార్ అందరి ముందరే అన్నాడు. "ఏమప్పా, ఇంట్లో బాగొస్తాదంటావు, ఈడ ఇట్ల వాయిస్తాండావే? ఎండాకాలం పెండ్లిండ్లు మొదలయ్యేలోపల సరి చేసుకో. ల్యాకుంటే నేను ఇంగొగన్ని చూసుకోవాల." తల ఎత్తలేకపోయాను.

నేను మిద్దె మీద ఉంటే, కింద వచ్చిపోయేవాళ్ళతో నాన్న "మావోడు కంపెనీ మీటింగులో ఉండాడు" అని గొప్పగా చెబుతుంటాడు. మెట్ల మీద నుంచి అది వినిపిస్తే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. అయినా మానలేను. రోజంతా తప్పు ఎవరిదో తేల్చేవాడికి, ఎవరి తప్పూ రాయనక్కర్లేని పని అదొక్కటే.

నువ్వు కాలేజీలో ధ్వని పాఠం చెప్పేదానివి. ఏదైనా దారి చూపు.

నీ తమ్ముడు
భూపేష్


కడప
ఫిబ్రవరి 11

భూపేష్,

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నీ ఉత్తరం మొదటి పేజీ చదివి అదే అనుకున్నాను. రెండో పేజీకి వచ్చేసరికి పాపం అనిపించింది. మా చిన్నాన్న కొడుకు, ఎంత లేదన్నా చిన్నప్పుడు నా జడకు చీమిడి పూసినవాడు, వాణ్ణి నేను కాక ఎవరు గట్టెక్కిస్తారు?

నీ మిషను మాన్యువల్ ఇంటర్నెట్‌లో దొరికింది. మొత్తం చదివాను. నువ్వు ఒక్క పేజీ కూడా చదివి ఉండవని పందెం.

ముందు ఇది చెప్పు. స్టేజీ మీద ఆ మిషను వైరు ఎక్కడ గుచ్చుతున్నావు? నేరుగా సౌండు వాళ్ళ మిక్సర్లోకా, లేక వసంతకుమార్ దగ్గర ఉన్న ఏదైనా పాత గిటారు ఆంప్లిఫయర్లోకా? ఎందుకంటే నీ మిషను ఆంప్లిఫయర్‌నే కాదు, దాని స్పీకర్ పెట్టెను కూడా అనుకరిస్తుంది. ఆ పెట్టె పని పై స్థాయి పదును కొంత కోసి, ధ్వనిని మెత్తబరచడం. నువ్వు దాన్ని తీసుకెళ్ళి నిజం పెట్టెలో గుచ్చితే రెండుసార్లు కోత పడుతుంది. రగ్గు మీద రగ్గు కప్పితే ఎవడికైనా ఊపిరాడదు. రెండింట్లో ఒకటి తీసెయ్.

ఇంకా మూడు చూడు. తీగల ధ్వనిని పట్టే పికప్‌లలో మెడ వైపుది కాక, వంతెన వైపుది పెట్టుకుని వాయించు. ధ్వనిని గరగరలాడించే గెయిన్ మీటను సగానికి దించు, హెడ్‌ఫోన్లలో బాగుందని పెంచుకుంటూ పోయి ఉంటావు. అడుగున ఉండే బేస్ కోసెయ్, ఆ చోటు డ్రమ్స్ వాళ్ళది, నీది కాదు. ఒకేసారి అన్నీ మార్చకు. ఒకటి మార్చి, విని, తర్వాత ఇంకొకటి. పదో తరగతి ప్రయోగం ఎలా చేశావో అలా, కాపీ కొట్టకుండా.

మీ నాన్న సంగతి రాశావు. దానికి నా దగ్గర మాన్యువల్ లేదు.

అక్క
మధులత


కర్నూలు
మార్చి 2

అక్కా,

నీ నోటి వాక్కు ఫలించింది, సగం. వసంతకుమార్ స్టూడియోలో మూలన పడి ఉన్న పాత ఆంప్లిఫయర్లోకే గుచ్చుతుండేవాణ్ణి. రగ్గు మీద రగ్గే. దాన్ని తీసేసి నేరుగా మిక్సర్లోకి ఇచ్చాను. నువ్వు చెప్పినట్టు పికప్ మార్చాను, గెయిన్ దించాను, బేస్ కోశాను. ఒకటొకటిగానే.

అయినా బురద పోలేదక్కా. పత్తికొండలో, ఆదోనిలో, రెండు చోట్లా అదే. నాకు గుబగుబ తప్ప ఏమీ వినిపించదు. వాయించే పాటలోనే దారి తప్పిపోతున్నాను. అందుకని పై స్థాయి పదును, అదే ట్రెబుల్, పెంచాను. ఇంకా పెంచాను. మిషనులో ఇంక పెంచడానికి చోటు లేదు.

వింత ఏమిటంటే, నాకు బురదగా ఉంటే వసంతకుమార్‌కు ఇంకోలా ఉందట. ఆదోనిలో పాట మధ్యలో కింద కుర్చీల దగ్గర నుంచి వచ్చి చెవి మూసుకుని చూపించాడు. దిగినాక అన్నాడు, "ఏం వాయిస్తాండావప్పా నువ్వు? రేకు మీద మేకుతో గీకినట్ల ఉండాది. పెండ్లికూతురి తాత చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్న్యాడు." నాకు నమ్మకం కుదరలేదు. నన్ను సాగనంపడానికి సాకు వెతుకుతున్నాడని అనుకుంటున్నాను. ఇద్దరం ఒకే గిటారు వింటున్నాం కదా, నాకు ముద్దగా ఉన్నది అతనికి మేకు ఎలా అవుతుంది?

నాలుగు పదుల వయసులో, ఇంట్లో అబద్ధమాడి పోయి, అక్కడా మాట పడి వస్తున్నాను. మొన్న బస్సులో తిరిగొస్తుంటే ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన "ఎవరన్నా పోయినారా నాయనా?" అని అడిగాడు. అవునన్నాను.

భూపేష్


కడప
మార్చి 9

ఒరేయ్ భూపేష్,

బస్సులో ఏడ్చేవాళ్ళను చూసి జాలిపడేంత తీరిక నాకు లేదు, పరీక్షల డ్యూటీలున్నాయి. కానీ నీ వింత సంగతి రెండు రోజులు వదల్లేదు.

నువ్వూ వసంతకుమార్ ఇద్దరూ నిజమే చెబుతున్నారు అనుకుందాం. అప్పుడు తేడా గిటారులో లేదు, మిషనులో లేదు. మీరిద్దరూ నిలబడే చోటులో ఉంది. పిల్లలకు చెప్పే పాఠమే చెబుతున్నాను. బేస్ ఊరంతా తిరుగుతుంది. పెట్టె ముందుకూ పోతుంది, వెనక్కూ వస్తుంది, గోడ చుట్టి వస్తుంది. ట్రెబుల్ అలా కాదు. టార్చిలైటు మాదిరి పెట్టె మూతి ఎటుంటే అటే పోతుంది. వెనక ఉన్నవాడికి రాదు.

స్టేజీ బొమ్మ గీసి పంపు. స్పీకర్ బాక్సులు ఎక్కడ, పాడేవాళ్ళు ఎక్కడ, నువ్వెక్కడ. గీతలు వంకరపోయినా పరవాలేదు, నిజం వంకరపోకుండా చూడు.

మధక్క


కర్నూలు
మార్చి 20

అక్కా,

బొమ్మ గీశాను. మధ్యలో పాడేవాళ్ళు, ఎడమ పక్క డ్రమ్స్, డ్రమ్స్ పక్కన నేను. బాక్సులు రెండు పక్కలా స్టేజీ అంచున. అందరూ నిలబడే చోటే నేనూ నిలబడతాను. ఇందులో విశేషమేమీ లేదు. నాకైతే మిషనే చెడిందేమో అనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ కొత్తది వేయించి చూస్తాను.

ఇంతకంటే పెద్ద గండం వచ్చిపడింది. మే నెలలో డోన్‌లో పెళ్ళి ఒప్పుకున్నాడు వసంతకుమార్. పెళ్ళికొడుకు ఎవరనుకున్నావు? వీరభద్ర మామ మనవడు. మన వాళ్ళంతా వస్తారు. నాన్న ముందు వరుస సోఫాలో కూర్చుంటాడు. జ్వరమని చెప్పి మానేద్దామనుకున్నాను. వసంతకుమార్ పసిగట్టాడు. "ఈ పెండ్లికి రాకుంటే ఇంగ ఏ పెండ్లికీ రావద్దు" అన్నాడు. దానికి తోడు గిటారు ఈ గతిలో ఉంది.

ఏం చేయమంటావు?

భూపేష్


కడప
ఏప్రిల్ 6

భూపేష్,

నీ బొమ్మ అబద్ధం.

ప్రొద్దుటూరులో మొన్న జరిగిన రిసెప్షన్‌కు నేనూ వచ్చాను. పెళ్ళికూతురు మా అత్తమ్మ వాళ్ళ తరఫు. ఆర్కెస్ట్రా మీదని నాకు తెలియదు. నువ్వు డ్రమ్స్ పక్కన లేవు. కుడి పక్క స్పీకర్ బాక్సులు మనిషంత ఎత్తు పేర్చి ఉంటే, వాటి వెనక, జనరేటర్ వైర్ల మధ్య నిలబడ్డావు. కనుబొమల దాకా టోపీ. కూలింగ్ గ్లాసులు. రాత్రి పూట కూలింగ్ గ్లాసులేంట్రా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరికీ కనపడదా?

మిషను బాగుంది. ఆ చోట నిలబడితే ఎవరికైనా బురదే వినిపిస్తుంది. వినపడలేదని నువ్వు ట్రెబుల్ పెంచావు. ఆ పెంచినదంతా నీ దగ్గరకు రాలేదు, ముందు కూర్చున్నవాళ్ళ చెవుల్లో దిగింది. నేను వాళ్ళలో ఒకదాన్ని. వసంతకుమార్ నీ మీద పగతో అనలేదు. రేకు మీద మేకు అన్నాడే, అతను మర్యాదస్తుడు.

బాక్సుల ముందుకు వచ్చి నిలబడు. అంతకు మించి మందు లేదు.

బస్సుకు వేళయిందని మేము తొందరగా బయల్దేరాం. అందుకే పలకరించలేదు.

మధులత


కర్నూలు
ఏప్రిల్ 14

అక్కా,

కవరు ఆఫీసులో విప్పాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని పోయి, ఒక కాలిపోయిన ట్రాక్టరు ముందు అరగంట నిలబడ్డాను. ఏం రాసుకోవాలో తోచలేదు.

అవును, బాక్సుల వెనకే నిలబడతాను. మొదటి పెళ్ళి నుంచి అంతే. మన వైపు ఏ పెళ్ళికి పోయినా ముందు సోఫాల్లో మన వాళ్ళు ఒకరైనా ఉంటారు. ఆ ఒక్కరు చాలదా, ఊరు చేరేసరికి నాన్నకు చెప్పడానికి? నాన్న మాట నీకు తెలుసు కదా. చిన్నప్పుడు మన రమణి పెళ్ళిలో డోలు వాయించే ఆయన దగ్గర నేను కూర్చుని డోలు ముట్టుకుంటే, చెయ్యి పట్టి లేపి, "మేళం పిలిపిచ్చే ఇండ్లు మనవి. మేళంలో పోయే ఇండ్లు కాదు" అన్నాడు. ఆ డోలు ఆయన ఎదురుగానే అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసినప్పుడు ఎంత సిగ్గేసిందో, నేనే ఇప్పుడు టోపీ పెట్టుకుని దాక్కుంటుంటే అంతకంటే ఎక్కువ వేస్తుంది. నాతో వాయించేవాళ్ళంతా ముఖం చూపించి వాయిస్తారు. ఆ పని తక్కువదని నేనొక్కణ్ణే దాక్కుని చెబుతున్నట్టుంది కదా. వాళ్ళకు అర్థం కాలేదనుకుంటావా? ఏడాదిగా ఒక్కరూ అడగలేదు.

అబద్ధపు బొమ్మ గీసినందుకు తిట్టు, పడతాను. కానీ ఒకటి అడుగుతాను. బస్సు ఎంత తొందరైనా, నా గిటారు రేకులా ఉందని కనిపెట్టేంత సేపు కూర్చున్నావు. టోపీ చూశావు, వైర్లు చూశావు. ఒక్కసారి వచ్చి భుజం తట్టడానికి ఎంత సేపు పడుతుంది?

భూపేష్


కడప
ఏప్రిల్ 25

భూపేష్,

నీ ఉత్తరం మీద కోపం తెచ్చుకుందామని నాలుగు రోజులు ప్రయత్నించాను. రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే మిగిలింది.

బస్సు లేదు. మేము కారులో వచ్చాం. చివరి దాకా ఉన్నాం.

రెండో పాటప్పుడు మా అత్తమ్మ నా మోచేతిని తట్టింది. "మధూ, ఆ డబ్బాల యనకాల గిటారు పట్టుకోని ఉండేది మీ చిన్నాయన కొడుకు మాదిరి ఉండాడే?" అంది. పక్కన ఆమె చెల్లెళ్ళు, తోడికోడళ్ళు, అందరూ నా వైపు తిరిగారు. "కాదత్తమ్మా, మావాడు ఇన్సూరెన్సులో ఆఫీసరు" అన్నాను. అడగని ఉద్యోగం కూడా చెప్పాను. ఆమె మళ్ళీ చూసింది. "అచ్చం అట్లనే ఉండాడు" అంది. నేను ఐస్‌క్రీమ్ తెస్తానని లేచి పోయాను. తిరిగొచ్చేటప్పుడు నువ్వు కనపడని వైపు కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

తరగతిలో అరవై మంది పిల్లల ముందు, ఏ పనీ తక్కువది కాదని ఏటా చెబుతాను. చప్పట్లు కొడతారు. నా తమ్ముడు నా ఎదురుగా ఉంటే నా తమ్ముడు కాదన్నాను. నువ్వు టోపీ పెట్టుకున్నావు. నేను టోపీ లేకుండానే దాక్కున్నాను. నిన్ను తిట్టే హక్కు నాకు ఎక్కడుంది? నీ గిటారు రేకులా ఉందని ఆనందంగా రాశాను కూడా. నాకు నేను చాలా చిన్నగా కనపడుతున్నాను భూపేష్.

డోన్‌కు నేను వస్తాను. మీ బావకు సెలవు లేదు, ఒక్కదాన్నే వస్తాను. నువ్వు ముందుకు వచ్చి నిలబడినా, నిలబడకపోయినా, మన వాళ్ళందరి ముందు స్టేజీ దగ్గరకొచ్చి నిన్ను పిలుస్తాను. ఇది నీ కోసం కాదు, నా కోసం.

నువ్వు చేయవలసింది ఇది. పెంచిన ట్రెబుల్ అంతా తీసెయ్, మిద్దె మీద హెడ్‌ఫోన్లలో ఉన్నంతకే తీసుకురా. పొడవాటి వైరు ఒకటి కొను. జనం రాకముందే, గిటారు మెడలో వేసుకుని కుర్చీల మధ్యకు నడిచి, వాళ్ళు కూర్చునే చోట నిలబడి నువ్వే విను. అప్పుడు సరిచేసుకో.

అక్క


కల్లూరు
మే 19

అక్కా,

డోన్ నుంచి వచ్చి వారమైంది. ఇప్పటికి చేయి సాగింది.

మధ్యాహ్నమే పోయాను. పొడవాటి వైరు వేసుకుని కుర్చీల్లోకి దిగాను. ముందు, మొన్నటి దాకా వాయించిన ట్రెబుల్ సెట్టింగే పెట్టి ఒక తీగ మీటాను. అక్కా, పళ్ళు జివ్వుమన్నాయి. కుర్చీలకు గుడ్డలు తొడుగుతున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఇన్ని పెళ్ళిళ్ళలో ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీదికి వదిలింది దీన్నేనా? ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. నేను కనపడకూడదని, ఇంతమందిని ఇలా కోశానా? నేలలోకి కుంగిపోవాలనిపించింది. నాన్న చూస్తాడన్న సిగ్గు దీని ముందు ఎంతో కాదు. వసంతకుమార్ దగ్గరకు పోయి తప్పయిందన్నాను. "ఇప్పటికన్నా ముందరికొచ్చినావు. పో, సరి చేసుకో" అన్నాడు. సరి చేసుకున్నాను. హెడ్‌ఫోన్లలో ఉన్నట్టే, ఏ తీగకు ఆ తీగ వచ్చింది.

సాయంత్రం టోపీ లేకుండా డ్రమ్స్ పక్కన, అందరి ఎదుటా నిలబడ్డాను. మొదటి పాటలో తల ఎత్తలేదు. రెండో పాటలో ఎత్తాను. సరిగ్గా ఎదురుగా సోఫాలో నాన్న. నన్నే చూస్తున్నాడు. పక్కన వీరభద్ర మామ ఏదో అంటున్నాడు, నాన్న వినడం లేదు. నా చేతులు ఆగలేదు, ఎలా వాయించాయో తెలియదు. పాట అయ్యేలోపల నాన్న కండువా భుజాన వేసుకుని లేచాడు. కుర్చీల మధ్యగా నడిచి బయటకు వెళ్ళిపోయాడు. అందరూ చూశారు. పెళ్ళివాళ్ళు వెనకే పరిగెత్తి "బోంచేసి పో అన్నా" అంటుంటే చేయి ఊపి పోయాడట. మన ఇళ్ళల్లో పెళ్ళికి పోయి చేయి కడగకుండా వచ్చినవాడు లేడు. నా వల్ల వచ్చాడు.

చివర్లో నువ్వొచ్చి, స్టేజీ కింద నుంచి "భూపేష్, నా తమ్ముడే వీడు" అని అందరికీ వినపడేలా అన్నావు. అది మరచిపోను. కానీ అప్పటికే వినవలసిన మనిషి వెళ్ళిపోయాడు.

ఇంట్లో వారం నుంచి మాటల్లేవు. నేను హాల్లోకి పోతే ఆయన వాకిట్లోకి పోతాడు. మిద్దె మీద మీటింగు అని ఎవరికీ చెప్పడం లేదు. ముఖం వాడిపోయింది. ఆయన్ను అలా చూడలేకపోతున్నాను. గిటారూ మిషనూ వసంతకుమార్ స్టూడియోలోనే వదిలేశాను. అడిగినవాళ్ళకు అమ్మేయమన్నాను. సరిగ్గా వినిపించిన రోజే ఆఖరి రోజయింది.

భూపేష్


కడప
మే 24

భూపేష్,

వసంతకుమార్‌కు నిన్ననే ఫోన్ చేశాను. గిటారు అమ్మలేదు. అమ్మొద్దని చెప్పాను. అక్కగా ఆ మాత్రం పెత్తనం చేస్తాను, పడు.

ఇప్పుడు చెప్పేది నీకు చెప్పనని మాటిచ్చాను. మాట తప్పుతున్నాను.

మీ నాన్న వెళ్ళిపోలేదు.

ఆ రోజు నాకు బస్సు ఆలస్యమైంది. ఆటోవాడు మండపం వెనక, వంటశాల గేటు దగ్గర దింపాడు. అక్కడ పొయ్యిల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చిన్నాన్న కూర్చున్నాడు. చేతిలో వంటవాళ్ళు ఇచ్చిన మజ్జిగ గ్లాసు. గోడకు అవతల స్టేజీ. నువ్వు ఎప్పుడూ దాక్కునే కుడి పక్క బాక్సుల వెనక భాగం సరిగ్గా ఆ గోడకే ఆనుకుని ఉంది. నన్ను చూసి లేవబోయాడు, దొరికిపోయినవాడిలా.

"ఏం చిన్నాన్నా, ఇక్కడ?" అన్నాను.

"లోపల ఉక్కపోస్తాంది పాపా" అన్నాడు. పొయ్యిల పక్కన కూర్చుని అన్నాడు.

నేను ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. లోపల పాట మారింది. ఆయన గోడ వైపు చెవి తిప్పాడు.

"ఇప్పుడు వాయిస్తాండేది వాడేనా?"

"వాడే."

"ఈడికి ఏం తెలిసిరాల్యా. గుబగుబమని వస్తాండాది అంతే. వానిది యాదో, పక్కోనిది యాదో."

లోపలికి రమ్మన్నాను. ముందు కూర్చుంటే బాగా వినిపిస్తుందని, చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

"ఆడ మనోళ్ళంతా ఉండారు పాపా. వీరభద్ర అడిగినాడు, 'నీ కొడుకు ఎప్పట్నించి వాయిస్తాండాడు నరసింహా?' అని. నాకేం తెల్సు? తెలీదని యట్ల చెప్పాల? పది ఇండ్ల పంచాయితీలు చేసినోన్ని. నా ఇంట్లో, నా నెత్తి మీద మిద్దెలో ఏం జరుగుతాందో నాకు తెలీదని అందరికీ తెలిసిపోయినాది. నా కొడుకు నాకు చెప్పుకోల్యాకపోయినాడు అంటే నేను యట్లాంటి నాయన్నని అనుకుంటారు? ఆ సిగ్గుకు లేచొచ్చినా."

మేళం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. డోలు ఆయన ఎదురుగా అన్న మాట ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. మారిపోయాడని కూడా నేను చెప్పను. కానీ ఆఖరి పాట దాకా ఆ కుర్చీలోంచి కదలలేదు. ప్రతి పాటకూ "ఇది వాడేనా?" అని అడిగాడు. నాకూ సరిగా వినపడక రెండు మూడుసార్లు ఊరికే అవునన్నాను. వంటమనిషి విస్తరి వేస్తే తిన్నాడు కూడా. ఆకలితో పోలేదు, ఆ దిగులు పెట్టుకోకు.

నేను నీ దగ్గరకు రావడానికి లేస్తుంటే చీర కొంగు పట్టి ఆపాడు. "నేను ఈడ ఉన్న్యానని వానికి చెప్పొద్దు" అన్నాడు. సరేనన్నాను. ఇంకా వదల్లేదు. "మనోళ్ళు ల్యాని ఊర్లో యాడన్నా వాయిస్తే నాకు చెప్పు. నేనొచ్చి ముందర కూచుంటా" అన్నాడు.

మన వాళ్ళు లేని ఊరు ఏదో నాకు తెలియదు. నువ్వే వెతుకు. దొరికాక పోయి మీ నాన్నకు నువ్వే చెప్పు. నాతో చెప్పించకు.

మధక్క